దర్వాజ నడుమ ఊదిన కట్టె పీక

ఆ రోజుల్లో మా వాడలో ఎవరూ మెల్లగా మాట్లాడేవాళ్లు కాదు. పొద్దున లేచింది మొదలు సాంచాలు (మరమగ్గాలను మేము అట్లాగే అంటాం) టకటకమంటుంటే మెల్లగా మాట్లాడితే వినేదెవరు? పెళ్లి మాటలైనా గుట్టు మాటలైనా గొంతు చించుకునే చెప్పుకునేవాళ్లం. అందుకే మా వాడలో రహస్యాలు లేవు. ఇప్పటికీ నేను ఫోన్ ఎత్తితే పక్కింటివాళ్లు తలుపు వేసుకుంటారు.

బాపు (మా నాన్న) సాంచాల మీద పనిచేసేవాడు. బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి ఉరికి, అవ్వ (మా అమ్మ) కట్టిన సద్దిగిన్నె పట్టుకుని షెడ్డుకు పోవడం నా పని. షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. నడుస్తున్న సాంచె ముందున్న మనిషిని వెనక నుంచి తట్టకూడదు. ఉలిక్కిపడితే, పోగుతో అటూ ఇటూ దూసుకుపోయే నాడెకు చెయ్యి తగులుతుంది. పిలిస్తేనేమో వినబడదు. కాబట్టి సద్ది తెచ్చిన పిల్లలం దర్వాజ పక్కన గోడకు ఆనుకుని, వాళ్లంతట వాళ్లు చూసేదాకా నిలబడాలి. మా ఎదురింటి పిల్ల వాళ్ల బాపు ఇట్టే తిరిగి చూసేవాడు. మా బాపు చూడడు. బువ్వ చల్లారేది, నా కాళ్లు గుంజేవి, ఆ పిల్ల పోతూ పోతూ నావైపు ఒక చూపు చూసేది. నా బాధ బువ్వ గురించి కాదు. అంతమందిలో మా బాపు నా కోసం తల తిప్పాలి. అంతే.

అంగడి రోజు ఒక తాత గోనెపట్టా మీద కట్టె పీకలు పోసి అమ్ముతున్నాడు. ఎర్రవి, పచ్చవి, బొటనవేలంత లావు, ఒకటి మూడు రూపాయలు. ఏది గట్టిగా మోగుతుందో తేలాలి గదా అని వరుసబెట్టి ఊదడం మొదలుపెట్టాను. పదో పీక దగ్గర తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నిటిని ఎంగిలి జేస్తున్నవ్. కొనేదున్నదా, గిట్లనే ఊదుకుంట పొద్దు గడుపుతవా బిడ్డా?"

"సాంచాల సప్పుడుల ఇనవడాలె తాతా. గసొంటిది గావాలె."

"అంత లొల్లిల ఇనవడేది నా తాన లేదు. గిదైతే జర గట్టిది. ఇగ నీ ఊపిరి, నీ నసీబు," అంటూ ఎర్రది తీసిచ్చాడు.

మర్నాడు షెడ్డులో బుగ్గలు ఉబ్బించి ఊదాను. ముప్పై సాంచాల ముందు నా పీక దోమపాటి కూడా కాలేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా ఊదాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగిపోయాయి, నా పీక ఆగలేదు. ఆసామి (అంటే షెడ్డు యజమాని) వస్తుంటే ఎవరో ఒకరు ఈల వేసి మిగతావాళ్లను హెచ్చరించడం అక్కడి రివాజు. నూలు మధ్య దొంగతనంగా బీడీ తాగుతున్న ఒకాయన దాన్ని గబుక్కున లుంగీ మడతలో దాచాడు. ఆ మీదట ఆయన ఎగిరిన ఎగురు చూసి తీరాలి. మూలకు కునుకు తీస్తున్న ఇంకొకాయన లేచి, ఆగిపోయిన సాంచె ముందు తెగ పనిచేస్తున్నట్టు చేతులు ఆడించాడు. అందరూ దర్వాజ వైపు తిరిగారు. ఒక్క మా బాపు తప్ప. ఆయన నాకు వీపు పెట్టి, తెగిన పోగుకు ముడి వేసుకుంటున్నాడు.

గిన్నె అక్కడే పెట్టి ఏడ్చుకుంటూ బడికి పోయాను. సాయంత్రం అవ్వ బాపు ముఖంలో ముఖం పెట్టి చెప్పింది. "పోరి పీక కొనుక్కొచ్చి ఊదితె అందరు సూసిండ్రట. నువ్వొక్కనివే సూడకపోతివట. బువ్వ తింటలేదు."

 బాపు నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "నా నజరు పోగు మీద ఉండె బిడ్డా. రేపటిసంది గోడకు నిలవడకు. దర్వాజ నడుమ నిలవడి ఊదు. సూస్త," అన్నాడు.

చూశాడు. మరునాటి నుంచి ముప్పై సాంచాలు మోగుతున్నా సరే, నేను దర్వాజ నడుమ నిలబడి ఊదగానే బాపు తల తిరిగేది. ఇక నన్ను పట్టేదెవరు? మా బాపువి పాము చెవులని బడంతా చాటాను. ఎదురింటి పిల్లను పీక ముట్టుకోనియ్యలేదు.

ఇప్పుడు బాపు కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. మొన్నామధ్య చెవులు చూపిస్తే, ఇవి సాంచాల దగ్గరే ఎన్నడో పోయాయి, నువ్వు చిన్నపిల్లవై ఉన్నప్పుడే పోయి ఉంటాయి అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక చెవి మిషన్ పెట్టి అడిగాను.

"మరి నా పీక ఎట్ల ఇనవడేది బాపూ?"

"ఏడ ఇనవడ్డది బిడ్డా. దర్వాజల నిలవడితె నీ నీడ బట్ట మీద పడేది. గది సూసి తిరిగేటోన్ని."

పాము చెవులని చాటుకున్న మాట గుర్తొచ్చి నవ్వాను గానీ, నవ్వు సగంలోనే ఆగింది. ఆ షెడ్డు, ఆ లొల్లి, ఆ దర్వాజ ఒక్క మధ్యాహ్నానికైనా మళ్లీ కావాలనిపించింది.

పోయిన వారం మెట్‌పల్లి అంగట్లో కట్టె పీకలు కనబడ్డాయి. ఇరవై రూపాయలట. అలవాటు కొద్దీ నాలుగింటిని ఎంగిలి చేసి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చేసరికి బాపు చెవి మిషన్ తీసి పక్కన పెట్టి, దర్వాజకు వీపు పెట్టి, సాయంత్రపు ఎండలో పేపర్ చదువుతున్నాడు. నెత్తి నెరిసినదాన్ని, గోడ పక్కన నిలబడి బుగ్గలు ఉబ్బించి ఊదాను. వీధిలో కుక్క మొరిగింది. బాపు కదల్లేదు. రెండడుగులు జరిగి దర్వాజ నడుమ నిలబడ్డాను. పేపర్ మీద నా నీడ పడింది. బాపు తిరిగి నా బుగ్గలు చూసి, "బువ్వ తెచ్చినవా బిడ్డా?" అన్నాడు.