పామర్రులో దిగిపోయినావిడ

నేను ఓడల్లో పనిచేస్తాను. ఆ వేసవిలో విజయవాడ నుంచి బందరు బస్సులో ఇంటికి వస్తుంటే, రసాల మామిడిపళ్ళ బుట్ట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది.

“ఏ ఊరు బాబూ?” అని అడిగింది.

“బందరేనండీ. విదేశం నుంచి రెండు నెలలు సెలవుకొచ్చాను.”

ఆవిడ నవ్వింది. “సొంతూరికి సెలవుకి రావడమేంటి బాబూ? ఇల్లు ఇక్కడే కదా. పని మీద అక్కడికి వెళ్ళొస్తున్నావంతే.”

పామర్రులో దిగుతూ ఒక పండు నా చేతిలో పెట్టింది. మోచేతిదాకా రసం కారుతున్నా బస్సులోనే తినేశాను.

ఏటా ఆ రెండు నెలలూ నా బట్టలు సూట్‌కేసులోనే ఉండేవి. ఆ సాయంత్రం అన్నీ తీసి బీరువాలో సర్దాను. హ్యాంగర్లు చాలకపోతే మా ఆవిడ పక్కింటికెళ్ళి నాలుగు అడిగి తెచ్చింది.