దయ్యాల రాజు గడప ముందు

కంప్యూటర్ ఆటల్లో నన్ను మించినవాళ్లు తిరుపతిలో అప్పుడు లేరు. గొప్పలు కాదు, ఉన్న మాట. డిగ్రీ అయిన ఏడాది బస్టాండు దగ్గర మేడమీదున్న కంప్యూటర్ సెంటర్లో నేర్చుకోవలసిందంతా నేర్చేసుకుని, అక్కడే పాఠాలు చెప్పే పని నాకిమ్మని సారును అడిగాను. సారుది చిత్తూరు. సెంటరు ఆయనదే.

"సూడమ్మా, మొగపిల్లోళ్లు ఇరవై మంది కూసోనుంటారు. ఆడపిల్ల చెప్తే ఇంటారా?" అన్నాడు.

"వినేట్టు చెప్తాను సార్. కావాలంటే పరీక్ష పెట్టండి."

ఆయన నవ్వి, దయ్యాల ఆట సీడీ ఒకటి చేతిలో పెట్టాడు. రెండేళ్లుగా తానే దాన్ని గెలవలేకపోయాడట. "శనివారం లోపల ముగించు. సోమవారం బ్యాచ్ నీదే. లేకుంటే మద్రాసు నుంచి ఒకాయన్ని పిలిపిస్తా."

ఓడిపోతే నాకు మిగిలేది బంగారుపాళ్యం. అక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో హాజరుపట్టీ రాసే పని మా మేనమామ చూసిపెట్టి ఉన్నాడు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

ఆట మహా తమాషాది. బానపొట్ట కాపలాదారు ఒకడు, చేతిలో పెనం, ఒక పాడుబడ్డ కోట. మౌసుతో ఎక్కడ నొక్కితే అక్కడికి పోతాడు, దొరికిందల్లా సంచిలో వేసుకుంటాడు. జలుబు చేసిన దయ్యానికి మిరియాలు చూపిస్తే తుమ్మి తుమ్మి తలుపు ఊడగొడుతుంది. వంట దయ్యం, కూర బాగుందని పొగిడితేనే తాళంచెవి ఇస్తుంది. మాట వినని దయ్యాలను పెనంతో బాదాలి. మూడు రోజుల్లో కోటంతా చుట్టేశాను.

చివరికి మిగిలింది దయ్యాల రాజు గది. దీపాలు, గంట, ఎత్తయిన పీట మీద రాజు. లోపల అడుగుపెట్టగానే నేలలోంచి ఎముకల చేతులు లేచి మావాడి కాళ్లు పట్టుకునేవి, రాజు వచ్చి నమిలేసేవాడు. ముప్పైసార్లు నమిలాడు. పెనం, మిరియాలు, పొగడ్తలు, ఏవీ పనిచేయలేదు.

శుక్రవారం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాను. పక్కనే మా అమ్మ గుడికి ఇవ్వాల్సిన మాల కడుతోంది. మా ఇంట్లో తరతరాలుగా అదే పని.

"ఏమే ఆ మొగం? ఏమైందో చెప్పు" అంది.

"ఆటలో గడప కాడ మావాడి బూట్లు విప్పిస్తాను, లోపలికి పోతాడు, గంట కొట్టబోయి చస్తాడు. అంతే."

అమ్మ చేతిలో దారం ఆగింది. "లోపల దేవుడుండాడా?"

"దేవుడేందమ్మా, దయ్యాల రాజు!"

"మరి బూట్లెందుకు ఇప్పిస్తివే, పిచ్చిదానా?"

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. విప్పమని ఆట ఎక్కడా చెప్పలేదు. బూట్ల మీద నొక్కితే విప్పుతాడు, అంతే. కంప్యూటర్ గదిలోకే చెప్పులు విడిచి పోయేవాళ్లం మేము. దీపాలూ గంటా కనబడగానే నా చేయి దానంతటదే బూట్ల మీదికి పోయింది, ముప్పైసార్లూ.

శనివారం పొద్దున్నే సారును పక్కన కూర్చోబెట్టుకుని, మావాణ్ణి బూట్లతోనే గడప దాటించాను. అడుగున ఇనుప నాడాలు కొట్టిన బూట్లు అవి. లేచిన చేతినల్లా టకటకా తొక్కుకుంటూ పోయి రాజు నెత్తిన పెనంతో ఒక్కటిచ్చాడు. రాజు కిరీటం పారేసి కిటికీలోంచి దూకి పరుగో పరుగు.

సారు తెరకు దగ్గరగా వంగి ఆ బూట్లను చూశాడు. తర్వాత మెల్లగా, "నేనూ ఇప్పించేవాణ్ణి. రెండేండ్లబ్బా!" అన్నాడు. "ఎట్ల కనిపెడితివమ్మా?"

నేనే కనిపెట్టానని చెప్పేయవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అనబుద్ధి కాలేదు.

"మా అమ్మ చెప్పింది సార్."

"ఆయమ్మకు కంప్యూటర్ వచ్చునా?"

"రాదు సార్. దేవుడు యాడుంటాడో, యాడుండడో తెలుసు."

ఇక మద్రాసాయన వచ్చినట్టేననుకున్నాను. సారు లేచి సుద్దముక్కల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నేను రెండేండ్లు ఎవుర్నీ అడగలేదు. సిగ్గు. నువ్వు అడిగితివి. సోమవారం ఆరున్నరకు రా."

సోమవారం ఇరవై మంది ముందు నిలబడి బోర్డు మీద మొదటి పాఠం రాశాను. ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు.