కూలర్ కిటికీ పక్కన గాలి పైపు

మా ఇంట్లో ప్రార్థన కూటం చాలా ఏళ్ళు జరగలేదు. కారణం భక్తి తగ్గడం కాదు, బాత్రూం.

రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో మాది మేడ ఇల్లు. కింద నాన్న, అమ్మ, నేను. పైన అద్దెకు ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం. నాన్న రైల్వేలో వ్యాగన్ల బ్రేకులు బాగుచేసి రిటైరయ్యారు. అమ్మ అప్పటికింకా ఆస్పత్రిలో నర్సు. నేను కాలేజీలో కామర్స్ చెబుతాను. అందుచేత ఇంట్లో ఇంజనీరింగ్ డ్రాయింగులు వేసే బాధ్యత నామీద పడింది.

గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకని ఇటొచ్చిన క్రైస్తవ కుటుంబాలు శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో కలుస్తాయి. పాటలు, వాక్యం, కాసేపు మౌన ప్రార్థన, చివర టీ. ఇళ్ళు వంతులవారీగా మారుతుంటాయి. ఈ వంతు అనేది చిన్న విషయం కాదు. వారమంతా బజార్లో హిందీ, పక్కింటివాళ్ళతో ఛత్తీస్‌గఢీ మాట్లాడినవాళ్ళం ఆ ఒక్క సాయంత్రం ఒక గది నిండా తెలుగులో పాడతాం. ఆ గది మనదైతే దాని హోదా వేరు.

మా హాలుకీ బాత్రూముకీ మధ్య ఒకటే గోడ. పైవాళ్ళు ఫ్లష్ నొక్కితే నీళ్ళు ఆ గోడ పక్కనున్న పైపులోంచి దిగుతూ పోయేవి. వెంటనే మా బాత్రూం నేలమీద నీళ్ళు పోయే జాలీ గుడగుడమని కూసేది. కూత తర్వాత కంపు. పాటలప్పుడు ఆ చప్పుడు కలిసిపోయేది. మౌన ప్రార్థనలో మాత్రం దానికి పోటీ ఉండేది కాదు. ఒకసారి పాస్టరు గారు "ప్రభువా, మా మొర ఆలకించు" అని ఆగారు. జవాబు బాత్రూంలోంచి వచ్చింది.

తర్వాతిసారి మా వంతు వచ్చినప్పుడు అమ్మ ముందే పైకి వెళ్ళి, ఆ గంటసేపు ఎవరూ బాత్రూంకి వెళ్ళకుండా చూడమని అడిగింది.

"ఆంటీజీ, పేట్ ఘడీ దేఖ్‌కర్ థోడీ చల్తా హై," అన్నాడు పైనున్నాయన.

కడుపు గడియారం చూసి నడవదని ఆయన వాదన. నర్సు కాబట్టి అమ్మకి అందులో తప్పు కనిపించలేదు. అప్పట్నుంచి మా వంతు వచ్చిన ప్రతి శుక్రవారం అమ్మకి నైట్ డ్యూటీ పడేది. కొన్నాళ్ళకి, వంతులు చూసే అక్కయ్యగారు మా ఇంటి పేరు ఎత్తడం మానేశారు. ఆవిడ చాలా మంచి మనిషి. ఎందుకని కూడా అడగలేదు. ఆ అడక్కపోవడమే అమ్మకి గుచ్చుకుంది.

ఒక శీతాకాలంలో బాత్రూం టైల్స్ లేచిపోయి, మొత్తం తవ్వక తప్పలేదు.

"టైల్స్ ఏ రంగైనా వేసుకోండి," అంది అమ్మ. "ఆ కూత మాత్రం వినపడకూడదు. వేసవిలో వంతు నాకివ్వమని అక్కకి చెప్పేశాను."

"ముందే చెప్పేసేవా?" అన్నారు నాన్న.

"చెప్పకపోతే మీరు వేసవి దాకా తవ్వుతూనే ఉంటారు."

నాన్న నా నీళ్ళ బాటిల్ తెచ్చి హాల్లో బోర్లించారు. అది గుడగుడమంటూ కక్కింది.

"విన్నారా? అది గాలి కోసం కొట్టుకుంటంది," అంటూ బాటిల్ మళ్ళీ నింపి, అడుగున మేకుతో చిల్లు పెట్టి, మళ్ళీ బోర్లించారు. ఈసారి నీళ్ళు చప్పుడు లేకుండా జారిపోయాయి. రెండుసార్లూ అమ్మ అప్పుడే తుడిచిన నేలమీదికే.

"సర్వీసంతా గాలితోనే పనిచేసేను నేను. గొట్టంలో నీళ్ళు దిగితే వెనకాల గాలి రావాలి. మనం దారి ఇవ్వకపోతే మన జాలీలోంచి లాక్కుంటది. జాలీ కింద వంపులో నిలిచే నీళ్ళున్నాయి చూడు, కంపుకి అవే మూత. ఆ మూతని కూడా తాగేస్తది. అందుకే ముందు కూత, తర్వాత కంపు."

"అయితే చిల్లు పెట్టండి," అంది అమ్మ, గుడ్డ పిండుతూ. "గొట్టానికి. నా నేలకి కాదు."

అలా ప్లాను మొదలైంది. నేను గ్రాఫ్ కాగితం మీద గీశాను. కమోడ్ బయటి గోడ వైపు, దాని పైపు నేరుగా పెరట్లోని మురుగు చాంబర్లోకి. స్నానం నీళ్ళకి వేరే పైపు. నేల వాలు జాలీ వైపు. పాత నేల వాలు తలుపు వైపు ఉండేది. కట్టినవాళ్ళ ఉద్దేశమేమిటో మాకు ఇప్పటికీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, జాలీ దగ్గర్నుంచి ఒక గాలి పైపు గోడలోంచి బయటికి.

బయటికొచ్చాక ఎక్కడిదాకా పోవాలి? నేరుగా మేడ పైకి పోవచ్చు. కానీ దారిలో పైవాళ్ళ కిటికీ ఉంది. "పాపం, మన కంపు వాళ్ళకెందుకు?" అంది అమ్మ. పైగా రోడ్డు మీద పోయేవాళ్ళకి ఇంటికన్నా ముందు పైపు కనపడటం ఆవిడకి ఇష్టం లేదు. నాన్న ఆలోచించి, గాలి పీల్చడానికి నోరు చాలు, ఎత్తు అక్కర్లేదని తేల్చారు. మా సన్‌షేడ్ కిందే ఆపేద్దాం అన్నారు. ప్లంబర్‌ని అడిగితే "హో జాయేగా" అన్నాడు. అయిపోతుందిలే అని. వాలు గురించి అడిగినా, చాంబర్ గురించి అడిగినా, రేపు వస్తావా అని అడిగినా ఆయన అదే అన్నాడు. చివరిది తప్ప మిగతావన్నీ నిజమయ్యాయి.

పైపు నోటికి పైవాళ్ళ కిటికీ ఎంత దూరమో, మా వంటింటి కిటికీ ఎంత దూరమో, పక్కింటివాళ్ళది ఎంతో టేపు పెట్టి కొలిచాం. ఎవరికీ ఇబ్బంది లేదు.

పని ముగిశాక పైవాళ్ళని బకెట్ల కొద్దీ నీళ్ళు పొయ్యమన్నాం. అమ్మ జాలీ దగ్గర వంగి, రోగి ఛాతీ వింటున్నంత శ్రద్ధగా విన్నది.

"ఏం లేదు," అంది లేస్తూ. నర్సు నోట ఇంత మంచి మాట నేను తరచూ వినలేదు.

ఏప్రిల్లో మా వంతు వచ్చింది. అమ్మ పులిహోర చేసింది. మంచినీళ్ళలో నిమ్మచెక్కలు వేసింది. నాన్న ముందురోజే మేడమీంచి కూలర్ దించి, కొత్త ఖస్ గడ్డి, అదే వట్టివేళ్ళ పరదాలు వేసి, హాలు కిటికీకి బిగించారు. పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల నల్లదుమ్ము లోపలికి రాకుండా ఆ కిటికీని చలికాలమంతా ప్లైవుడ్‌తో మూసేస్తాం. మేం కొలతలు తీసుకున్నప్పుడు కూడా మూసే ఉంది. నా డ్రాయింగులో అక్కడ గోడ ఉంది.

రాయ్‌పూర్ కూలర్ గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. అది బయటి గాలిని దొరికినంతా పీల్చి, తడిపి, చల్లబరిచి గదిలోకి తోస్తుంది. ఏ గాలి, ఎక్కడిది అని అడగదు.

హాలు నిండిపోయింది. పాట అయింది. మౌన ప్రార్థన మొదలైంది. పైన ఎవరో ఫ్లష్ నొక్కారు. నీళ్ళు దిగాయి. జాలీ చప్పుడు చెయ్యలేదు. నాన్న కళ్ళు మూసుకునే నవ్వడం చూశాను. అంతలో, దిగుతున్న నీళ్ళు తమ ముందున్న గాలిని మేం ఇచ్చిన దారిలోంచి బయటికి తోశాయి. మూరెడు దూరంలో కూలర్ దాన్ని అందుకుంది. మా పాత బాత్రూం ఇంత సమర్థంగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. వెనక వరసకి కూడా కంపు చల్లగా అందింది.

అమ్మ లేచి కూలర్ కట్టేసింది. ఏప్రిల్లో, నిండిన గదిలో, ఒక్క ఫ్యాను కింద, పాస్టరు గారు తన జీవితంలోకెల్లా చిన్న ప్రసంగం చేశారు. బాగానే ఉంది.

వెళ్ళేటప్పుడు వంతుల అక్కయ్యగారు అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏం అనుకోకమ్మా. ఖస్ కొత్తది కదా. కొత్తలో అలాగే వాసనొస్తది," అన్నారు.

అమ్మ తలూపింది. అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతూ, "మన పేరు తీసేయమని అక్కకి ఫోన్ చెయ్యండి," అంది నాన్నతో. కేకలేసుంటే మాకు తేలికగా ఉండేది.

నాన్న ఫోన్ చెయ్యలేదు. తెల్లారి పెరట్లో స్టూలేసుకుని, పైపునీ కూలర్‌నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు.

"నీ కాగితంలో ఈ కిటికీ ఏదే?"

"కొలిచినప్పుడు ఇది గోడ, నాన్నా."

"గోడకేనా నేను కూలర్ బిగించింది?"

"ప్లైవుడ్ కొట్టింది కూడా మీరే."

"సర్లే. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే."

పైపు మూసేస్తే ఎలా ఉంటుందని నేను అన్నాను. వంటింట్లోంచి అమ్మ, "అయితే కూత కావాలా, కంపు కావాలా తేల్చుకోమంటావా నన్ను?" అంది. అక్కడితో ఆ ఆలోచన ముగిసింది. కూలర్ ఇంకో కిటికీకి మార్చే వీలు లేదు. హాలుకున్నది అదొక్కటే. మిగిలింది పైపుని మేడ పైకి తీసుకెళ్ళడం.

నాన్న పైకి వెళ్ళి అనుమతి అడిగారు. పైనున్నాయన మొత్తం విని, "అంకుల్‌జీ, లే జావో. బస్ మేరే కూలర్ మే మత్ ఛోడ్‌నా," అన్నాడు. తీసుకెళ్ళండి, నా కూలర్లో మాత్రం వదలొద్దని.

ఈసారి అన్ని కూలర్లూ బిగించి ఉండగా, ఎండలో నిలబడి కొలిచాం. పైపు సన్‌షేడ్ చుట్టూ వంపు తిరిగి, పైవాళ్ళ కిటికీకి దూరంగా జరిగి, మేడ పిట్టగోడ దాటి మనిషెత్తుకి పైన ముగిసింది. నెత్తిన జాలీ టోపీ. ప్లంబర్ "హో జాయేగా" అన్నాడు. రోడ్డు మీంచి చూస్తే ఇంట్లో మొదట కనిపించేది ఇప్పుడు అదే. నాన్న నసుగుతూ ఆ సంగతి చెబితే, "కనపడనీండి," అంది అమ్మ.

నాలుగురోజులు ఆవిడకి అదే పని. బాత్రూంకి వెళ్ళడం, వినడం, హాల్లోకి వచ్చి కూలర్ ముందు నిలబడి గాలి పీల్చడం. ఆ తర్వాత తనే ఫోన్ తీసింది.

"అక్కా, ఈ శుక్రవారం మా ఇంట్లో పెట్టండి... మా వంతు అయిపోయింది, నాకు తెలుసు. మళ్ళీ ఇవ్వండి."

శుక్రవారం మధ్యాహ్నం పైకి కూడా వెళ్ళింది. పైనున్నాయన భార్య తలుపు తీస్తే, "ఆజ్ కోయీ రోక్‌నా మత్, బహూ," అని చెప్పి వచ్చింది. ఇవాళ ఎవరూ ఆపుకోవద్దని.

వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. మౌన ప్రార్థనలోనే రెండుసార్లు. నీళ్ళు గోడ పక్కనుంచి దిగి, తమ దారిన తాము పోయాయి. కూలర్ తన చల్లగాలి తాను వీచింది. పాస్టరు గారు పోయినసారి బాకీ కూడా కలిపి ప్రసంగించారు. ఎవరూ కదల్లేదు.

టీ తాగుతూ వంతుల అక్కయ్యగారు కూలర్ వైపు చూశారు.

"చూశావామ్మా, నేను చెప్పలా? కొత్తలో అలాగే ఉంటది ఖస్. ఇప్పుడు పోయింది."

నాన్న గాలి గురించి చెప్పడానికి నోరు తెరిచారు. అమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసి, "అవునక్కా, పోయింది," అంది. అక్కయ్యగారి ప్లేట్లో ఇంకొంచెం పులిహోర వేసి, "వచ్చేసారి మా వంతు ఎప్పుడొస్తదో ఇప్పుడే చెప్పండి," అని పక్కన కూర్చుంది.