ముందు ఎదుటి షాపు మూయాలన్నావు, పండూ

పండూ,

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగితే నీ నంబరే. గొంతు మాత్రం నీది కాదు. సత్తిబాబుది.

ఎన్నో ఏళ్ళుగా మనతో మాటల్లేనివాడు, నీ ఫోన్ నుంచి "అమ్మా, పండు లేడమ్మా" అన్నాడు.

ముందు తిట్టాను. ఇదేం ఎగతాళిరా అన్నాను.

వాడు ఏడుస్తున్నాడు.

నాకు పెద్దగా చదువు రాదు. తప్పులుంటే సరిచేసుకుని చదవండి. కానీ ఈ కోపం రాయకుండా ఉండలేను.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. మా పండు, సత్తిబాబు పాలకొల్లులో కలిసి వీడియోగేమ్ షాపు పెట్టారు. చిన్నప్పుడు మా టీవీకి ఆటల క్యాసెట్ పెట్టె తగిలించి, ఆట రాకపోతే క్యాసెట్‌లోకి ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్న స్నేహం. తర్వాత డిస్కులేసే జపాన్ పెట్టె వచ్చింది. దాంతోనే షాపు నడిచింది.

అప్పుడు అమెరికా కంపెనీ పోటీగా ఇంకో పెట్టె దించింది. సత్తిబాబు అది కొందామన్నాడు. మావాడు వద్దన్నాడు.

ఎక్కడో కంపెనీలవాళ్ళు వ్యాపారం కోసం పోటీ పడితే, పాలకొల్లులో వీళ్ళిద్దరూ చొక్కాలు పట్టుకున్నారు.

పంపకానికి మా బావగారిని పిలిచారు. ఆయన పొలాలు పంచే మనిషి. ఈ ఆటల సంగతి ఏం తెలుసు? పెట్టెలు పండుకి, డిస్కులు సత్తిబాబుకి అని సమానంగా పంచేశారు.

పెట్టెలున్నవాడికి డిస్కుల్లేవు. డిస్కులున్నవాడు కొన్న అమెరికా పెట్టెలో అవి ఆడవు.

ఒక్కడైనా వెళ్ళి అడిగాడా? లేదు. పంతం!

ఎదురెదురుగా రెండు షాపులు. నేను వెళ్తే సత్తిబాబు రోడ్డవతల నుంచి ఎవరికో చెప్తున్నట్టు అరిచేవాడు. "జపాన్ పెట్టెలు కాటాకి వేసుకోమనండి, ఇనప రేటు బాగుంది!"

"వాడి దాంట్లో ఆట మొదలయ్యేలోపు కొబ్బరి మొక్క కాపుకొస్తుందమ్మా" అని మావాడు.

కంపెనీలు కొన్నేళ్ళకోసారి కొత్త పెట్టె దించి పాతది పక్కన పెట్టమన్నాయి. వీళ్ళు పెట్టారు. పిల్లలంతా ఫోన్లలోనే ఆడుకోవడంతో రెండు షాపులూ ఖాళీ అయ్యాక కూడా వీళ్ళు తగ్గలేదు.

భోజనానికి రారా అంటే, "ముందు వాడు షట్టర్ దించాలమ్మా" అనేవాడు పండు. అవతల వాడిదీ అదే మాటట, వాళ్ళావిడ చెప్పింది.

నిన్న గుండెల్లో నొప్పి వచ్చినా సోడా తాగి కుర్చీలోనే కూర్చున్నాడు నా కొడుకు. షాపు వదల్లేదు. కింద పడ్డాక సత్తిబాబు పరుగెత్తుకొచ్చాడు.

ఆ రోడ్డు దాటడానికి నా కొడుకు పడిపోవాలా, సత్తిబాబూ?

ఇప్పుడు ఇక్కడ పెట్టిన పండు ఫొటో కింద కూడా మా పెట్టె గొప్పంటే మా పెట్టె గొప్పని కొందరు రాసుకుంటున్నారు. సిగ్గుందా మీకు? ఆ కంపెనీలవాళ్ళు ఎవరైనా పాడె మొయ్యడానికి వచ్చారా?

మోసింది సత్తిబాబే. మోసి, ఇంట్లో అడుగు పెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఈ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగదని వాళ్ళావిడ చేత క్యారేజీ పంపాడు. "మీ ఆయన తిన్నాడా అమ్మా" అని అడిగితే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదట.

చాలు. ఒక్కడు పోయింది చాలు.

పండూ, ఇక నీకు ఎవరితోనూ పోటీ లేదు నాన్నా. నెమ్మదిగా పడుకో.

సత్తిబాబూ, లోపలికి రా. నా ఎదురుగా కూర్చుని తిను.

ఇది చదివినవాళ్ళు కూడా, వేళకి కడుపునిండా అన్నం తినండి.