మేకుకు తగిలించిన సొరకాయ

ఆకులు రాలే రోజులు వచ్చాయంటే నర్సమ్మకు చిరాకుల కాలం వచ్చిందని వీధిలో అందరికీ తెలుసు. ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలాకాలమైనా ఆవిడను ఇప్పటికీ అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. మిగతా ఏడాదంతా నెమ్మదిగా ఉండే మనిషే. ఈ రోజుల్లో మాత్రం పొద్దున్నే పాత స్వెట్టరు తొడుక్కుని, కొంగు బిగించి, చీపురుతో పెరట్లోకి దిగేది. చీకటి పడేదాకా పెరడూ ఆవిడా పోట్లాడుకుంటూనే ఉండేవారు. ఊడ్చిన చోటే మళ్లీ ఆకు రాలేది. ఎరువు గోతిలో వేసిన ఆకుల్ని గాలి తిరిగి గడప దగ్గరికి తెచ్చి పెట్టేది. కాపు అయిపోయి ఎండిన తీగలు పందిరిని పట్టుకుని వదిలేవి కావు.

"చచ్చినా పట్టు వదలదమ్మా, అచ్చం మీ అన్నయ్యలాగే" అనేది గోడ అవతలున్న ఆడపడుచుతో.

ఆ అన్నయ్య ఉద్యోగమంతా నీళ్ల ఆఫీసులో గడిచింది. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసుకునేవాడు. రిటైరయ్యాక వరండా మొత్తం ఆక్రమించి గుడ్డతో, కర్రతో, కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసి ఆడించడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆయనకు ఇంట్లో ఏది కనిపించినా బొమ్మలాగే కనిపించేది. ఆవిడ కొత్త మసిగుడ్డ మంత్రిగారి తలపాగా అయింది. మంచి గరిటె సేనాపతికి వెన్నెముక అయింది. గరిటె కోసం వంటిల్లంతా వెతికి, చివరికి సేనాపతి చొక్కా విప్పి చూసిన రోజున నర్సమ్మకు తలప్రాణం తోకకు వచ్చింది. సుత్తి తీసుకుని పెరటి తలుపు పక్కన, గోడకు ఇంత పొడుగు మేకు దిగ్గొట్టింది.

"ఇదిగో చూడండి. ఈ మేకుకు నేను తగిలించింది మీది. తగిలించనిది నాది. దాని జోలికి వచ్చారో, నేను ఊరుకోను."

"సరే" అన్నాడాయన.

ఆ మాట ఆయన ఏనాడూ తప్పలేదు. చిరిగిన దిండుగలీబు, పిడి ఊడిన గొడుగు, సొట్టపోయిన గిన్నె, ఏది పనికిరాకపోయినా ఆవిడ మేకుకు తగిలించేది. ఆయన రోజూ మీటరు చూసినంత శ్రద్ధగా మేకు చూసుకుని, దొరికింది పట్టుకుపోయేవాడు. మొగుడూ పెళ్లాల మధ్య అన్ని తగాదాలనూ ఒక్క మేకు తీర్చేసిందని ఆడపడుచు మెచ్చుకునేది కూడా.

ఈ ఏడాది సొరకాయ వచ్చి ఆ మేకుకే చిక్కుకుంది.

ఆ సొర నర్సమ్మ అమ్మ చేతి విత్తు. గుండ్రటి పొట్ట, కొంగలాంటి సన్నటి మెడ. బజారులో ఆ రకం దొరకదు. పెళ్లయి వచ్చేటప్పుడు రుమాలు మూలన ముడేసి తెచ్చుకున్న గింజలు అవి. ఏటా ఒక కాయను కోయకుండా తీగ మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిదలో కలిపి డబ్బాలో దాచేది. వచ్చే ఏడాది పాదు ఆ డబ్బాలోంచే. ఈసారి వానలు వెనక్కి తగ్గక పిందెలన్నీ కుళ్లిపోయాయి. మిగిలింది ఒకే ఒక్క కాయ. డబ్బా ఖాళీ. ఈ ఒక్కటీ పోతే అమ్మ సొర ఇక లేనట్టే. అందుకని ఆవిడ పసిబిడ్డకు కాపలా ఉన్నట్టు దానికి కాపలా ఉంది. రోజూ నిచ్చెనెక్కి వేలితో తట్టి చూసేది. లోపల గింజలు గలగలమన్నాక, ఆ సోమవారం కాయ కోసి తీగ పీకేద్దామని కొడవలి పట్టుకుంది.

కాయ కోసింది. కింద మంచుకు తడిసిన ఆకులు. తడి తగిలితే ఇన్నాళ్లు ఎండబెట్టిందంతా దండగ. ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో కాయ. ఒక్క నిమిషమే కదా అని కాడకున్న తాడుతో ఎదురుగా కనిపించిన మేకుకు తగిలించి వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే పందిరి వాసం విరిగి తీగంతా ఆవిడ నెత్తిన పడింది. దాన్ని విడదీసి, వాసాన్ని కట్టి, తీగను గోతిలో తొక్కి, చేతుల్లో గుచ్చుకున్న వాసం పేళ్లు తీసుకునేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. మేకు బోసిగా ఉంది.

ఆసుపత్రిలో అన్నేళ్లు ఒక తల్లి బిడ్డను ఇంకో తల్లి పక్కన పొరపాటున కూడా పడుకోబెట్టని మనిషి ఆవిడ. పరుగున వరండాలోకి వెళ్లింది.

అమ్మ సొరకాయ ఎర్రటి రంగు పూసుకుని, కొబ్బరిపీచు మీసాలు పెట్టుకుని, తగరపు కిరీటంతో ఒక కర్ర మీద నిలబడి ఉంది. ఆయన కర్రను ఊపాడు. లోపల గింజలు గలగలా కదిలాయి. రాజు నవ్వుతున్నాడు.

"ఏంటండీ ఇది?"

"రాజు. ఇలాంటి తల కోసమే ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. అడక్కుండానే మేకుకు పెట్టావు చూడు, ప్రాణం లేచొచ్చింది."

ఆయన గొంతు గుసగుసను మించి లేవదు. కిందటేడు గొంతుకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అంతే. రాణి, మంత్రి, వంటవాడు, అందరి మాటలనూ ఆ గుసగుసలోంచే ఎలాగో లాక్కొస్తాడు. ఆదివారం లైబ్రరీలో ఆడబోయేది మాత్రం నవ్వు ఆపుకోలేని రాజు కథ. రాజు నవ్వకపోతే కథే లేదు. నవ్వు ఆయన గొంతులో లేదు.

"అది విత్తనాల కాయండీ. నా దగ్గర ఇంకోటి లేదు. పగలగొట్టి గింజలివ్వండి."

"ఆదివారం ఆట కదా."

"సరే, ఆట అయ్యాక ఇవ్వండి."

ఆయన నీళ్లు నమిలాడు. "లైబ్రరీ ఆవిడ ఇందాకే వచ్చి చూసి వెళ్లింది. ఆట అయ్యాక రాజును అద్దాల బీరువాలో పెడతామంది. బడులకు కూడా తిప్పుతారట. మాటిచ్చేశాను."

"నా కాయను వాళ్లకు మాటిచ్చారా?"

"మేకుకు ఉంది కదా..." అన్నాడాయన, ఇంకా మెల్లిగా.

నర్సమ్మ మింగలేక, కక్కలేక మళ్లీ పెరట్లోకి వెళ్లి చీపురు అందుకుంది. అంతకు ముందే ఊడ్చిన చోటే ఊడ్చింది.

"తప్పెవరిది వదినా?" అంది ఆడపడుచు గోడ మీదుగా. వీధిలో చీమ చిటుక్కుమన్నా ఆవిడకు వినబడుతుంది.

"మీ అన్నయ్యది."

"తగిలించిందెవరు?"

"నీకు పనేం లేదా? మీ చెట్టు ఆకులన్నీ మా పెరట్లోకే వస్తున్నాయి, ముందు వాటి సంగతి చూడు."

మంగళవారం, బుధవారం ఆవిడ పాదులు తవ్వింది, కుండీలు కడిగింది, పార, గునపం గీకి నూనె రాసింది. ఏ పనిలో ఉన్నా వరండాలోంచి గలగల వినబడుతూనే ఉంది. ఆ నవ్వు రాజుదని ఊళ్లో పిల్లలు అనుకుంటారేమో గానీ, ఆవిడకు మాత్రం గింజలు గోడకేసి కొట్టుకుంటున్నట్టే ఉంది.

"అలా ఆడించకండి, గింజల ముక్కులు విరుగుతాయి" అని అరిచింది ఒకసారి.

గలగల ఆగిపోయింది. కాసేపటికి లోపల్నుంచి ఇంకేదో చప్పుడు. దగ్గేమో అనుకుంది. దగ్గు కాదు. ఆయన రాజు బదులు తనే నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు. తుప్పుపట్టిన కుళాయి తిప్పినట్టు గొంతు గీసుకుపోతోంది. ఒకసారి ఆపి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాడు.

నర్సమ్మ చీపురు గోడకు ఆనించింది. కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. కుట్లు మానిన గొంతు, డాక్టరు గట్టిగా మాట్లాడవద్దన్న గొంతు. ఈ మనిషిని ఒక మాట అనడానికి కూడా లేకుండా పోయింది. అంటే ఇదీ సంగతి. విసురుగా లోపలికి వెళ్లి చేతులు కడుక్కుంది.

"ఆ వెధవ నవ్వు ఆపండి. తువ్వాలు తీసుకురండి. మీ సన్న రంపం బ్లేడు కూడా."

"ఏం చేస్తావు?"

"ఆపరేషన్."

వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి రాజును బోర్లా పడుకోబెట్టింది. వెనకవైపు పీచు జుట్టును పైకి ఎత్తి పట్టుకోమంది. ఆయన రెండు చేతులతో పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆవిడ బ్లేడుతో నింపాదిగా చిన్న చదరం కోసి, మూతలా ఊడదీసి, పాత పట్టకారుతో గింజలను ఒక్కొక్కటీ పళ్లెంలోకి లాగింది. కొన్నింటికి నిజంగానే ముక్కులు విరిగాయి. మిగతావి బాగానే ఉన్నాయి. ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూసి ఊపిరి పీల్చుకుంది.

"రోగి క్షేమమేనా?" అన్నాడాయన.

"రోగికేం, గుండ్రాయిలా ఉన్నాడు. చుట్టాలకే ప్రాణాలు పోయాయి."

మూత తిరిగి పెట్టి జుట్టు దించితే కోసిన జాడే తెలియలేదు. ఆయన రాజును చేతిలోకి తీసుకుని ఊపాడు. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపాడు. ఆవిడ వైపు చూసి, ఏమీ అనకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. ఆ ఏమీ అనకపోవడమే నర్సమ్మకు ఒళ్లు మండించేది. నాలుగు మాటలంటే నాలుగు అనొచ్చు. అననివాడిని ఏమనాలి?

"ఏదో ఒకటి పోసుకోండి. లోకంలో నా గింజలే ఉన్నాయా?"

గులకరాళ్లు పోశాడు. రాజు పళ్లు కొరికినట్టుంది. చొక్కా బొత్తాలు పోశాడు. జలుబు చేసినట్టుంది. శుక్రవారం దాకా రాజు రకరకాలుగా బాధపడ్డాడు గానీ, నవ్వలేదు.

శనివారం నర్సమ్మ చిక్కుడు తీగ పని పట్టింది. ఎండిన కాయలు వలిచి, గింజలు గుడ్డ సంచిలో వేసుకుంటూ మెట్ల మీద కూర్చుంది. సొరగింజలు డబ్బాలోకి చేరడంతో కాస్త మనసు కుదుటపడింది. సంచి నిండే వేళకు గోడ అవతలి నుంచి కేక.

"వదినా, గాలి లేచింది, నీ కుప్ప పోతోంది."

పొద్దుటినుంచీ పోగేసిన ఆకుల కుప్ప సుడి తిరుగుతోంది. చేతిలో సంచి అందిన చోట తగిలించి పరుగెత్తింది. కుప్ప సగం దక్కింది, సగం పక్క వీధికి పోయింది. గాలిని, చెట్టును, చెట్టు నాటినవాళ్లను వరసగా తిడుతూ చీకటి పడ్డాక ఇంట్లోకి వచ్చి పడుకుంది.

ఆదివారం లైబ్రరీలో బల్లలు పక్కకు జరిపి పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టారు. నర్సమ్మ, ఆడపడుచు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. తెర లేచింది. గుసగుసల రాణి వచ్చింది, గుసగుసల మంత్రి వచ్చాడు. వినడానికి పిల్లలు ముందుకు జరిగి నోళ్లు మూసుకున్నారు. అప్పుడు రాజు వచ్చి తల ఊపాడు.

నవ్వాడు. సొరగింజల నవ్వు కన్నా మంచి నవ్వు. మెత్తగా మొదలై, పొట్టలోంచి దొర్లుకుంటూ వచ్చి, ఆగిపోయిందనుకుంటే మళ్లీ చివర్న ఒక్క గింజ దొర్లినట్టు కిసుక్కుమంది. పిల్లలు విరగబడి నవ్వారు. నర్సమ్మ కూడా ఉండబట్టలేక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగిపోయింది. ఆ చప్పుడు తనకు తెలుసు. నిన్నంతా తన ఒళ్లో, తన సంచిలో విన్న చప్పుడే.

"ఏమైంది వదినా?"

"చిక్కుడు గింజలు."

"ఎక్కడ?"

"రాజు బుర్రలో. నిన్న సంచి ఎక్కడ తగిలించానో ఇప్పుడు గుర్తొచ్చింది."

ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. "మళ్లీ కోస్తావా ఏంటి తల?"

ఆట అయ్యాక ఆయన తెర వెనక నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. పిల్లలు రాజును తాకాలని ఆయన చుట్టూ మూగారు. వాళ్లను తప్పించుకుని ఆవిడ దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు:

"నాకు సరిగ్గా అవే కావాలని నీకెలా తెలిసింది?"

నర్సమ్మ నోరు తెరిచింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. గొంతు ఆపరేషన్ తరువాత ఆ మొహంలో అంత వెలుగు చూడటం ఇదే మొదలని కూడా అప్పుడే గమనించింది. ఎంత చిరాకు మనిషి, ఎంత చిరాకు మేకు.

"తెలుస్తుంది లెండి" అంది.

ఇంటికి వస్తూ ఆడపడుచును అడిగింది. "మీ పందిట్లో ఉన్నది నేనిచ్చిన చిక్కుడే కదా. గుప్పెడు గింజలివ్వు."

"ఇస్తాలే. చేతికే ఇస్తాను, మేకుకు తగిలించను."

ఆ సాయంత్రం పట్టకారు పట్టుకుని మేకు పీకబోయింది. తను కొట్టిన మేకే, రాలేదు. కాస్త వంగింది, అంతే. ఊడ్చిన పెరట్లో అప్పుడే మళ్లీ నాలుగు ఆకులు రాలి ఉన్నాయి. వాటిని చూడనట్టే లోపలికి వెళ్లి, సొరగింజల డబ్బాను తీసుకుని ఇల్లంతా తిరిగింది. అల్మరా వద్దనుకుంది, వంటింటి అర వద్దనుకుంది. చివరికి తన మంచం కిందకు, సరిగ్గా నడిమధ్యకు, ఏ గోడకూ అందకుండా తోసి పెట్టింది.