బాపు కరిగించని నాణెం

కాగజ్‌నగర్‌లో పనిచేసే నా భర్త కామెర్లతో పోయాక పెద్దపల్లి దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పిల్లల్లేరు. హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఆంధ్రప్రదేశ్ కాలేదు. మా బాపు బంగారం పని చేసేవాడు. పొద్దున్నే ఆయన కుంపటి ముందు కూర్చుంటే, నేను ఎదురుగా కూర్చుని ఊదుగొట్టం ఊదేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నా పుస్తెలూ గుండ్లూ మా అవ్వ, అంటే అమ్మ, ఒక గుడ్డలో మూటకట్టి సందుగ పెట్టెలో పెట్టింది. వాటి ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఊరి పక్కన ఎప్పటిదో పాడుబడిన ఊరి దిబ్బ ఉండేది. ఎండాకాలంలో రైతులు ఆ పాటిమన్ను తవ్వి, బండ్లకెత్తి చేలల్లో పోసుకునేవారు. ఆ ఏడు ఇద్దరు అన్నదమ్ములు తవ్వుతుంటే చిన్న కుండ తగిలింది. అందులో పద్దెనిమిది బంగారు నాణేలు. భూమిలో దొరికింది సర్కారుకు పోతుందని వాళ్లకు భయం. మా ఇంటికొచ్చి, తలుపు మూయించి, బాపు ముందు కుమ్మరించారు.

"మామా, జర ముద్ద చేసియ్యి. ఎవలకు చెప్పకు," అన్నాడు పెద్దవాడు.

బాపుకు ఇలాంటివి కొత్త కాదు. ఒక్కొక్కటే కరిగించే మూసలో వేశాడు. ఊదింది నేనే. ఒక నాణేన్ని మాత్రం చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు. దాని మీద మగమనిషి ముఖం, తలకు ఆకుల దండ, చుట్టూ మాకు తెలియని అక్షరాలు. చెక్కిన తీరు నచ్చి, మెత్తబరిచిన లక్క మీద అద్ది అచ్చు తీసుకున్నాడు. ఆ తర్వాత అదీ మూసలోకే పోయింది.

కొన్ని నెలలకు హైస్కూల్లో చరిత్ర చెప్పే సారు, కూతురి వెండి పట్టీలు అతికించుకుందామని వచ్చారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దమనిషి. బాపు పీట మీద ఉన్న లక్క అచ్చును వెలుగుకు పట్టి చూశారు.

"గిది రోము దేశపు రాజు ముఖం. రెండు వేల ఏండ్ల కింద సముద్రం దాటి వచ్చింది. అసలుదేది ఉస్తాద్?"

"కరిగిచ్చిన."

"ఒక్కటేనా?"

"పద్దెనిమిది. గివి ఈ ఏడువి. అంతకుముందు ఎన్నో యాది లేదు సారూ," అన్నాడు.

సారు కోప్పడలేదు. "నీ తప్పేముంది, నీకు చెప్పినోళ్లు లేరు," అని పట్టీలు తీసుకుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటేనే నయమనిపించింది. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

"తెల్వక చేసినవు గద బాపూ," అన్నాను.

"తెల్వక కాదు బిడ్డా. గా ముఖం మంచిగున్నదని అచ్చు తీసుకున్న గద. మంచిగున్నదని తెలిసే మూసల ఏసిన."

మరుసటి చలికాలం, పొరుగూరి ముసలమ్మ ఒకామె కొంగు ముడి విప్పి అలాంటి నాణెమే పీట మీద పెట్టింది. ఎప్పుడో ఆమె భర్త దున్నుతుంటే దొరికిందట. మనవరాలి పెళ్లికి కమ్మలు చేయించాలట. బాపు నాణేన్ని తూకం వేశాడు కానీ, గీటురాయి మీద గీయలేదు.

"గిది కరిగియ్యనవ్వా. దీని ఎత్తు బంగారంతోటి కమ్మలు చేసిస్త, గిది నాకు విడిచిపెట్టు," అన్నాడు.

ఆ ఎత్తు బంగారం ఇంట్లో ఎక్కడుందో మా ముగ్గురికీ తెలుసు. నేనే లేచి సందుగ తెరిచాను. అవ్వ వంటింటి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"గదొక్కటే ఉన్నది గద బిడ్డా, నీ మొగని యాదికి."

నేను పక్కనుంచి వచ్చి మూట బాపు ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. పెళ్లిపిల్ల చెవులకు విధవ పుస్తెల బంగారం పెట్టడమా అన్నది ఆయన బాధ. చెప్పకుండా చేయడం నాకూ ఇష్టం లేదు. అవి ఎవరివో ముసలమ్మకు నేనే చెప్పాను. ఆమె నా మెడ వైపు చూసింది, తర్వాత మూట వైపు.

"బంగారమేం జేసింది బిడ్డా. మా ఆయిన పోయి పదేండ్లాయె. ఆయిన చేతికి దొరికింది నేను నీకిస్తున్న. నీ ఆయిన కట్టింది నువ్వు నాకియ్యి."

బాపు పుస్తెలను మూసలో వేశాడు. నేను ఊదడం మొదలుపెట్టాను కానీ ఊపిరి నిలవలేదు. బాపు గొట్టం నా చేతిలోంచి తీసుకుని తానే ఊదాడు. రెండు పుస్తెలూ అంచుల దగ్గర మెత్తబడి, ఒకదానిలోకి ఒకటి ఒరిగి, ఒక్క బొట్టయ్యాయి. మూడేళ్ల కాపురం కరగడానికి అంతసేపే పట్టింది.

కబురు పెడితే సారు భూతద్దం తెచ్చుకుని వచ్చారు. నాణేన్ని అంచులు పట్టుకుని చూశారు. రాజు మెడ మీద చిన్న గాటుంది. లోపల రాగి ఉందేమోనని ఆ రోజుల్లో గాటు పెట్టి చూసేవారని చెప్పారు.

"మా అసుంటోడే పెట్టి ఉంటడు," అన్నాడు బాపు.

అక్షరాల సందుల్లో మట్టి ఉంది. నల్లబడిన మరకలున్నాయి. బాపు చేయి అలవాటుగా చింతపండు గిన్నె వైపు పోయింది.

"తోమకు ఉస్తాద్," అన్నారు సారు. "నువ్వు తులాల లెక్కల చూస్తవు. దీని ఇలువ గా మట్టిల ఉన్నది, ఏ ఊర్ల దొరికిందన్న దాంట్ల ఉన్నది. గా పద్దెనిమిది కలిసి ఉంటె ఎంత కథ చెప్పేవో."

ఆఖరి మాట అనుకోకుండా వచ్చింది. బాపు తల దించుకున్నాడు. సారు సర్దుకుని, మెత్తటి పాత గుడ్డలో చుట్టి, వేరే నగల రాపిడి తగలకుండా చెక్కపెట్టెలో పెట్టమన్నారు. జీవితమంతా బంగారానికి మెరుపు పెట్టిన మనిషి, సర్కారుకు ఇచ్చేదాకా పది రోజులూ పెట్టె మూత తీసి చూసేవాడు, ముట్టుకోకుండా మూసేవాడు. తర్వాత ఇద్దరూ కరీంనగర్ పోయి కలెక్టరు కచేరీలో అప్పగించారు. అక్కడి నుంచి హైదరాబాద్ మ్యూజియానికి చేరిందని ఒక కాగితం వచ్చింది.

ఆ కాగితం సంగతి ఊళ్లకు పాకింది. పాత బంగారం చూపిస్తే మా బాపు సర్కారుకు చెప్తాడన్నారు. దిబ్బలో దొరికినవి పట్నం దుకాణాలకు పోవడం మొదలైంది. అక్కడ అడిగేవాళ్లు లేరు, అచ్చు తీసేవాళ్లు అంతకన్నా లేరు. పెళ్లి నగల పనీ తగ్గిపోయింది. "కరగకుంట ఆపుదామనుకుంటి. నా ముందర కరగకుంటయ్యింది, అంతే," అన్నాడొకసారి. నాలుగేళ్లకు బాపు పోయాడు. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, ఇచ్చోడ బళ్లో చేరి, అవ్వను నాతో తీసుకెళ్లాను.

పందొమ్మిది వందల అరవై ఏడులో శిక్షణ తరగతులకు హైదరాబాద్ పోయినప్పుడు మ్యూజియానికి వెళ్లాను. అద్దాల పెట్టెలన్నీ వెతికాను. లేదు. గుమాస్తా మర్యాదగా రిజిస్టరు తీసి, అలాంటివి లోపల ఇనుప గదిలో భద్రంగా ఉంటాయని, తాళం ఉన్న అధికారి సెలవులో ఉన్నారని చెప్పాడు. రిజిస్టరులో జిల్లా పేరు, బరువు, మెడ మీద గాటు సంగతి రాసి ఉన్నాయి. ఆ వరుసను వేలితో చూపించి, "మీదేనా అమ్మా?" అని అడిగాడు. మా ఊరిదని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"చూసినవా?" అంది.

"చూసిన. మంచిగున్నది అవ్వా," అన్నాను.