గుర్రం కాలు

లువార్ నది ఒడ్డున, బొమ్మలు నేసిన పాత తెరలు బాగుచేసే మా కార్ఖానాలో ముప్ఫై ఏళ్లుగా నా పక్క కుర్చీ గిస్లేన్‌ది. మధ్యాహ్నం రొట్టె తిన్నాక నా చేతులకు వెన్న వాసన పోయిందో లేదో చూసిగాని నన్ను తెర ముట్టుకోనివ్వదు. అంత చాదస్తం. పనిలో మాత్రం దాని వేగం ఎవరికీ రాదు.

ఆ వేగం వెనక కథ ఉంది. వాళ్లమ్మ జెలీ కూడా ఇక్కడే పనిచేసింది. అందరూ ‘నత్త’ అని పిలిచేవారట. పెద్ద తెరలో ఎర్ర గుర్రం కాలొక్కటి బాగుచెయ్యడానికి ఆర్నెల్లు తీసుకుందని పనిలోంచి తీసేశారు. అప్పటికి గిస్లేన్‌కి పన్నెండేళ్లు.

ఈ వసంతంలో అదే తెర మళ్లీ మా బల్ల మీదికి వచ్చింది. ఆరువందల ఏళ్ల నాటి నేత. ఒకప్పుడు దాన్ని చలికాలంలో నారింజ చెట్లకు కప్పి చింపేశారు. మా పెద్ద, త్యుద్యాల్‌గారు, కాలు దగ్గర వేలు పెట్టి చూశారు.

“ఈ కుట్టు మరీ బిగుతు. చుట్టూ బట్టను లాగేస్తోంది. ఎవరు చేశారో గానీ పాడుచేశారు. విప్పెయ్యండి.”

అది గిస్లేన్ వాళ్లమ్మ కుట్టని ఆయనకు తెలియదు పాపం.

“నేను విప్పుతాలేవే,” అన్నాను గిస్లేన్‌తో.

“మా అమ్మ తప్పు నీకెందుకే ఒడెట్? కత్తెర ఇటివ్వు.” గొంతు తగ్గించి అంది: “ఆవిడ పేరున మిగిలింది ఈ కాలొక్కటే. అదీ దండగేనంటావా?”

తెర తిరగేసి పట్టుకున్నాను. గిస్లేన్ వెనక అస్తరు విప్పి, ఒక్కొక్క కుట్టూ తెంపుతూ పోయింది. ఉన్నట్టుండి కత్తెర ఆగిపోయింది.

ఆ రోజుల్లో చిరిగిన పాత పోగుల్ని కత్తిరించి పారేసి, కొత్త ఉన్నితో నేసేవాళ్లు. పని త్వరగా తెమిలేది. జెలీ ఒక్క పోగునూ కొయ్యలేదు. ప్రతిదాన్నీ వెనక్కి మడిచి, సన్నని నూలుతో వరసగా కట్టి, తన కుట్టు కింద దాచింది. ఎండ తగలని ఆ ఎరుపు నిన్న అద్దినట్టుంది.

త్యుద్యాల్‌గారు కళ్లజోడు తీశారు. “గుర్రం అసలు కాలు దొరికిందమ్మా! ఎవరీ మహాతల్లి?”

“నత్త,” అంది గిస్లేన్. “మా అమ్మ.” ఏడుపు ఆపుకోలేకపోయింది. నేనూ ఆపుకోలేదు.

ఆ సాయంత్రం అందరూ కోట్లు తొడుక్కుంటున్నా, అది ఆ పోగుల్ని ఒక్కొక్కటే వాటి చోట పరుస్తూనే ఉంది.

“ఇంకా ఎంతసేపే?” అన్నాను.

“నత్త కూతుర్నే నేను. తొందరపెట్టకు,” అంది.